పది నిమిషాల పాపం ఎవరి పద్దులో?

2025 డిసెంబరు 31న డెలివరీ కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. పిలుపునిచ్చిన సంఘాల్లో తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫామ్ వర్కర్స్ యూనియన్ ఒకటి. రేట్లు పెంచాలి, కారణం చెప్పకుండా ఐడీలు బ్లాక్ చేయడం మానాలి, పది నిమిషాల డెలివరీ ఎత్తేయాలి, ప్రమాదం జరిగితే ఆదుకునే ఏర్పాటు ఉండాలి. వాళ్లు అడిగినవి ఇవీ. ఆర్డర్లు వెల్లువెత్తే రాత్రిని ఏరికోరి ఎంచుకున్నారు. మర్నాడు జొమాటో వ్యవస్థాపకుడు దీపిందర్ గోయల్ ఒక లెక్క బయటపెట్టారు. సమ్మె రోజునే జొమాటో, బ్లింకిట్ కలిపి 75 లక్షల ఆర్డర్లు అందించాయని, అది రికార్డని చెప్పారు. సమ్మె తుస్సుమందని నిరూపించడం ఆయన ఉద్దేశం. అదే లెక్కను మనవైపు తిప్పి చదివితే ఇంకో సంగతి కనబడుతుంది. పని ఆపేస్తున్నాం మహాప్రభో అని కార్మికులు చెప్పిన రోజునే ఆ 75 లక్షల ఆర్డర్లూ పెట్టింది కంపెనీలు కాదు, మనం.

రెండు వారాలు తిరక్కుండానే కేంద్ర కార్మిక మంత్రి మన్‌సుఖ్ మాండవీయ జోక్యం చేసుకున్నారు. బ్లింకిట్ తన ప్రకటనల్లోంచి ‘పది నిమిషాలు’ అన్న హామీని తీసేసింది. మాట పోయింది గానీ సందు మలుపులోని డార్క్ స్టోర్ (యాప్ ఆర్డర్లకే సరుకు పంపే గోదాము) అక్కడే ఉంది, దాని ముందు వరసగా నిలబెట్టిన బండ్లు అక్కడే ఉన్నాయి, ఆ బండ్ల మీది కుర్రాళ్లకు డబ్బు లెక్కగట్టే పద్ధతీ మారలేదు. మన వేలు కూడా అదే బటన్ మీద ఉంది.

ఇంతకీ ఈ వ్యవహారంలో కొనేవాడి వంతు బాధ్యత ఎంత? దీనికి మన ఇళ్లలో, ఆఫీసుల్లో రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. ఒకటి: నువ్వు ఆర్డర్ పెట్టబట్టే కదా ఆ పిల్లవాడు వర్షంలో పరుగులు తీస్తున్నాడు, బద్ధకం వదిలి వీధి చివరి కొట్టుకు నడిచి వెళ్లు. రెండోది: పెట్టుబడిదారీ వ్యవస్థలో మచ్చలేని కొనుగోలు అంటూ ఏదీ లేదు, తొడుక్కున్న చొక్కా దగ్గర్నుంచి చేతిలో ఫోన్ దాకా అన్నిటి వెనకా ఎవరో ఒకరి చెమట దోపిడీ అయ్యే ఉంటుంది, నేనొక్కణ్ణి మానేస్తే ఒరిగేదేముంది? పైకి ఈ రెండూ కత్తులు దూసుకునే వాదనల్లా కనిపిస్తాయి. ఒకటి అపరాధ భావంతో ముగుస్తుంది, రెండోది నిశ్చింతతో ముగుస్తుంది. రైడరు రేట్ కార్డు జోలికి మాత్రం రెండూ పోవు.

మొదటి వాదనకు కొంచెం చరిత్ర ఉంది. 1953లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, తిరిగి వాడుకోవడానికి వీల్లేని సీసాల్లో బీరు అమ్మకాన్ని నిషేధించింది. అదే ఏడాది సీసాలు, డబ్బాలు, శీతల పానీయాలు తయారుచేసే కంపెనీలు కలిసి ‘కీప్ అమెరికా బ్యూటిఫుల్’ అనే సంస్థను పెట్టాయి. చెత్త పుట్టించేది పరిశ్రమ కాదు, దాన్ని రోడ్డు మీద పారేసే మనిషేనన్నది దాని ప్రచారం. 1971లో అది చేసిన టీవీ ప్రకటనలో అమెరికా మూలవాసి వేషంలో ఉన్న నటుడు చెత్తను చూసి కన్నీరు కారుస్తాడు. ఆ నటుడు నిజానికి ఇటాలియన్ సంతతివాడు. ప్రజలు ఆ కన్నీటికి కరిగిపోయారు, సీసా కంపెనీలు నిశ్చింతగా ఉన్నాయి. ఈ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ చమురు సంస్థ బీపీ కూడా అదే దారి పట్టింది. మీ ఇంటి కార్బన్ పాదముద్ర ఎంతో లెక్క చూసుకోండి అంటూ జనానికి ఒక క్యాలిక్యులేటర్ ఇచ్చింది. చమురు తవ్వేది వాళ్లు, లెక్క చూసుకోవాల్సింది మనం. వ్యక్తిగత బాధ్యత అనే మాట ఎక్కడ మోగినా, దాన్ని మోగిస్తున్నది ఎవరో ఒకసారి చూడటం మంచిది.

మన దగ్గర అదే పని టిప్పు చేస్తోంది. బిల్లు కట్టే ముందు 20, 30, 50 అంటూ మూడు గడులు కనిపిస్తాయి. నొక్కితే మన మనసు తేలికపడుతుంది, నొక్కకపోతే గుచ్చుకుంటుంది. కూలి చాలడం లేదన్న సమస్య అలా కస్టమరు దయకు సంబంధించిన సమస్యగా మారిపోతుంది. ఆ గడుల పైనే ప్లాట్‌ఫామ్ ఫీజు అని ఇంకో వరస ఉంటుంది. దానికి మన అనుమతి అడగరు. 2023లో రెండు రూపాయలతో మొదలైన ఈ ఫీజును జొమాటో 2025 సెప్టెంబరు నాటికి 12 రూపాయలు చేసింది. కంపెనీకి రావలసింది తప్పనిసరి, కార్మికుడికి వెళ్లవలసింది ఐచ్ఛికం. తెర మీద పక్కపక్కనే ఉండే ఈ రెండు వరసలను కలిపి చదివితే, ఎవరి బాధ్యతను ఎవరి నెత్తిన పెట్టారో తేలిగ్గానే అర్థమవుతుంది.

దయ చెడ్డదని కాదు. 2021 జూన్‌లో హైదరాబాద్ కింగ్ కోఠిలో ఒక వినియోగదారు టీ ఆర్డర్ పెడితే, డెలివరీ చేసే విద్యార్థి మెహిదీపట్నం వైపు నుంచి వానలో సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. చలించిన ఆ వినియోగదారు ఫేస్‌బుక్‌లో రాస్తే కొద్ది గంటల్లోనే 73 వేల రూపాయలు పోగయ్యాయి, కుర్రాడికి టీవీఎస్ ఎక్సెల్ బండి వచ్చింది. హైదరాబాదీలు ఇప్పటికీ తలుచుకుని మురిసిపోదగ్గ సంగతే. అయితే ఆ బండి కొనిచ్చింది జనం. వచ్చే ఆర్డర్లు కంపెనీవి. పెట్రోలు, మరమ్మతులు, బీమా కుర్రాడివి. దయాగుణం వల్ల ఒక కుటుంబానికి మేలు జరిగింది, కంపెనీకి పైసా ఖర్చు లేకుండా ఒక మోటారు బండి కూడా సమకూరింది.

ఇక కొనేవాళ్ల సంగతి. సౌకర్యం కోసం ఖర్చు పెట్టేవాళ్లందరినీ ఒకే గాటన కట్టి సోమరులనడం మనకు అలవాటు. కుర్రకారు జీతమంతా స్విగ్గీకి తగలేస్తున్నారని పెద్దలు వాపోవడం మామూలే. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే మహిళలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. పిండి ప్యాకెట్, తరిగిన కూరలు, కర్రీ పాయింట్, రాత్రి పదింటికి పాలు, పసివాడికి డైపర్లు. ఇవి కొంటున్న ఇల్లాలు కొనేది బద్ధకాన్ని కాదు, ఆ 289 నిమిషాల్లోంచి ఒక అరగంటను. రుబ్బురోలు ముందు కూర్చున్న అమ్మమ్మల ఓపికను ఇవాళ గొప్పగా తలుచుకునే మగవాళ్లలో ఆ రోలు ముందు కూర్చున్నవాళ్లు ఎందరో వాళ్లనే అడగాలి. మాదాపూర్‌లో ఆఫీసు వదిలి గంటన్నర ట్రాఫిక్‌లో ఈదుకుంటూ ఇల్లు చేరిన మనిషికి పొదుపు పాఠాలు చెప్పడానికి ముందు, ఆ గంటన్నర ఎవరు మింగారని అడగడం న్యాయం.

అలాగని ప్రతి ఆర్డరుకూ ఇల్లాలి అలసటను అడ్డుపెట్టలేం. జ్వరం బిళ్ల కోసం అర్ధరాత్రి పెట్టిన ఆర్డరు వేరు, క్రికెట్ మ్యాచ్ మధ్యలో ఒక్క చిప్స్ ప్యాకెట్ కోసం పెట్టినది వేరు. ఈ రెండో రకం చాలావరకు మన అవసరంలోంచి పుట్టదు, తెర మీది అమరికలోంచి పుడుతుంది. వంద రూపాయల సరుకు తీసుకుంటే చిన్న కార్టు ఫీజు పడుతుంది, అది తప్పించుకోవడానికి మరో వంద రూపాయల సరుకు ఎత్తుకుంటాం, ఫ్రీ డెలివరీకి ఇంకా నలభై తక్కువని యాప్ గుర్తుచేస్తుంది. చివరికి ఆదా చేశామనే తృప్తితో అక్కర్లేనివి నాలుగు ఇంటికి తెచ్చుకుంటాం. వినియోగదారులను ఇలా మభ్యపెట్టే పద్ధతులను కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో 13 రకాలుగా గుర్తించి నిషేధించింది. అడగకుండా బుట్టలో సరుకు వేయడం, అసలు ధర చివర్లో చూపించడం అందులో ఉన్నాయి. నిషేధం కాగితం మీద బాగుంది. సొంత జేబు సంగతి మాత్రం ఎవరికి వాళ్లు చూసుకోవలసిందే. నెలాఖరున యూపీఐ చిట్టా తెరిచి కూడుకునే ధైర్యం ఉన్నవాళ్లు ఎంతోమంది ఉంటారని నేననుకోను.

సమ్మె తర్వాత వారంలోనే గోయల్ ఒక వాదన ముందుకు తెచ్చారు. దాని సారాంశం ఇది: శతాబ్దాలుగా పేదల శ్రమ ధనికుల కంటికి కనబడకుండా ఉండిపోయింది. గిగ్ ఆర్థిక వ్యవస్థ ఆ శ్రమను గుమ్మం ముందుకు తెచ్చి నిలబెట్టింది. కళ్లెదుట కనబడుతుంది గనుకే ఇప్పుడు జనానికి ఇబ్బందిగా ఉంది. తెలివైన వాదన, సగం నిజం కూడా. ఫ్యాక్టరీలో చొక్కా కుట్టిన మనిషి మనకు ఎదురుపడదు, బిర్యానీ తెచ్చిన మనిషి ఎదురుపడతాడు.

కానీ మన పల్లెల చరిత్ర తెలిసినవాళ్లకు ఈ వాదన మింగుడుపడదు. చాకలి పొద్దున్నే మైల బట్టల కోసం ఇంటింటికీ వచ్చేవాడు. మంగలి అరుగు మీద కూర్చుని గడ్డం గీసేవాడు. పాలేరు కోడి కూయకముందే కొట్టంలో ఉండేవాడు. నిజాం కాలపు తెలంగాణలో దొర గడీకి కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం, పల్లకీ మోయడం, కబురు మోయడం అన్నీ వెట్టి. పైసా ఇవ్వకుండా, కులం పేరు చెప్పి చేయించుకున్న సౌకర్యం అది. ఆ శ్రమ ఎవరికి కనబడలేదని? రోజూ కళ్లెదుటే ఉంది, పేరు పెట్టి పిలిచేంత దగ్గర్లో ఉంది. దొరలకు ఏ ఇబ్బందీ కలగలేదు. వెట్టి పోయింది చూసినవాళ్లకు మనసు కరగడం వల్ల కాదు. సంఘం కట్టి, 1946 నుంచి సాయుధంగానూ ఎదిరించి, ప్రాణాలిచ్చి వెట్టి చేసినవాళ్లే దాన్ని వదిలించుకున్నారు. కనబడటం వేరు, లెక్కలోకి రావడం వేరు.

ఇక్కడే మన వ్యక్తిగత బాధ్యత నికరంగా దొరికే చోటు ఒకటి ఉంది. హైదరాబాద్‌లోని ఎన్నో గేటెడ్ కమ్యూనిటీల్లో, అపార్ట్‌మెంట్లలో పనిమనుషులు, డెలివరీ కుర్రాళ్లు నివాసుల లిఫ్టు ఎక్కకూడదన్న బోర్డు ఉంటుంది. ఎక్కితే జరిమానా వేస్తామని నోటీసులు అంటించిన సంఘాల సంగతి పత్రికల్లోనే వచ్చింది. సామాను లిఫ్టు ఎక్కడుందో వాచ్‌మన్ చెయ్యెత్తి చూపిస్తాడు. అది పై అంతస్తులో ఆగిపోయి ఉంటుంది, కింద కుర్రాడి ఫోన్లో సమయం నడుస్తుంటుంది. వెనకటికి పెరటి దారిన రమ్మన్నవాళ్లం ఇప్పుడు వెనక లిఫ్టులో రమ్మంటున్నాం. ఈ నిబంధన పెట్టింది బహుళజాతి సంస్థ కాదు, అల్గారిథమ్ కాదు. ఆదివారం పొద్దున క్లబ్‌హౌస్‌లో కాఫీ తాగుతూ చేతులెత్తి తీర్మానించిన మనమే. దీన్ని పెట్టుబడిదారీ వ్యవస్థ ఖాతాలో రాయడం కుదరదు.

అలాంటివి ఇంకా ఉన్నాయి. గేటు దగ్గర బండి నిలుపుకోనివ్వడం, మంచినీళ్లు, సెక్యూరిటీ వాళ్ల మరుగుదొడ్డి వాడుకోనివ్వడం, ఫ్లాటు నంబరు సరిగ్గా రాయడం, కుక్కను కట్టేయడం. ఆఖరిది చిన్న విషయం కాదు. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఆర్డరు ఇవ్వడానికి వెళ్లిన డెలివరీ యువకుడు, కస్టమరు ఇంటి కుక్క వెంటపడటంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. ఆ ఏడాది డిసెంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించారు. బీమా వచ్చింది, మంచిదే. తలుపు తీసే ముందు కుక్కను కట్టేయడానికి ప్రభుత్వ ప్రకటన అక్కర్లేదు.

మరి ఆర్డర్ మానేయడం సంగతి? నేనొక్కణ్ణి మానేస్తే ఏమవుతుందన్న ప్రశ్నకు చరిత్రలో ఒక జవాబు ఉంది. 1791లో బ్రిటిష్ పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని రద్దుచేసే బిల్లును తిప్పికొట్టింది. దాంతో వెస్టిండీస్ బానిసలు పండించిన చక్కెరను ఇళ్లలో వాడటం మానేద్దామని ఉద్యమం లేచింది. దాదాపు మూడు లక్షలమంది చక్కెర మానేశారని ఉద్యమకారుడు థామస్ క్లార్క్‌సన్ అంచనా. ఓటుహక్కు లేని ఆడవాళ్లకు ఆ టీ బల్లే పార్లమెంటు అయింది. బానిస వ్యాపారం రద్దు కావడానికి 1807 దాకా ఆగాల్సి వచ్చింది, రద్దు చేసింది చట్టమే. అయినా ఆ చక్కెర మానడం వ్యర్థం కాలేదు. ఎందుకంటే మానినవాళ్లు తమ చేతులు శుభ్రంగా ఉంచుకోవాలని మాత్రమే మానలేదు, ఫలానా చట్టం కావాలని కలిసి, బాహాటంగా అడుగుతూ మానారు. మన ఇంట్లో మనం గుట్టుగా యాప్ తీసేస్తే రైడరుకు ఆ రోజు ఒక ఆర్డరు తగ్గుతుంది, అంతే. కార్మికులే సమ్మె ప్రకటించిన రోజున మానితే అది వాళ్ల గొంతుకు తోడవుతుంది. డిసెంబరు 31న మనం చేయగలిగిందీ, చేయనిదీ అదే.

ఇప్పుడు అసలు విషయానికి, రైడరుకు డబ్బు ఎలా వస్తుందన్న దానికి వద్దాం. పది నిమిషాల గొడవలో కంపెనీల సమాధానం ఏమిటంటే, దుకాణాలు ఇళ్లకు దగ్గరగా ఉండటం వల్లే సరుకు త్వరగా చేరుతోంది, రైడర్లను మేం తొందరపెట్టడం లేదు. నిజమే కావచ్చు. రైడరును తొందరపెట్టేది గడియారం కాదు, రేటు. ఆర్డరుకు ఇంత, ఇన్ని ఆర్డర్లు దాటితే ఇన్సెంటివ్. హోటల్ ముందు పార్సిల్ కోసం నిలబడ్డ ఇరవై నిమిషాలకు వచ్చేది ఏమీ ఉండదు, ఉన్నా నామమాత్రం. పనిలేని మధ్యాహ్నం చెట్టు కింద కూర్చున్న గంటకు అసలే లేదు. అలాంటప్పుడు సిగ్నల్ దగ్గర ఎవరూ తొందరపెట్టనక్కర్లేదు, ఆ మనిషే తనను తాను తరుముకుంటాడు. ముక్కకింత కూలి అనే పద్ధతి గొప్పతనమే అది. మార్క్స్ ‘పెట్టుబడి’లో దీనికి ఒక అధ్యాయం కేటాయించాడు. మనకు అంత దూరం పోనక్కర్లేదు, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల దాకా పోతే చాలు.

అక్కడ బీడీలు చుట్టే ఆడవాళ్ల ఒళ్లో చాట ఉంటుంది. తునికాకు తడిపి, కొలత పెట్టి కత్తిరించి, తంబాకు నింపి, చుట్టి, కొస మడిచి, దారం కడతారు. కూలి వెయ్యి బీడీలకు ఇంత. ఆకు తడిపి కత్తిరించిన పొద్దుకు విడిగా ఏమీ రాదు, ఆకు నాసిరకందైతే ఆ నష్టమూ వాళ్లదే. కట్టలు అప్పజెప్పేటప్పుడు తనిఖీలో బాగాలేవని కొన్ని తీసేస్తారు, వాటికి కూలి లేదు. వీళ్లు మా కార్మికులు కారు, మేం రమ్మనలేదు, వాళ్ల ఇంట్లో వాళ్లు వీలున్నప్పుడు చుట్టుకుంటున్నారు అని యజమానులు దశాబ్దాల తరబడి వాదించారు. వినడానికి ఎక్కడో తెలిసిన వాదనలా లేదూ? కార్మికులు కాదు, భాగస్వాములు. డ్యూటీ కాదు, ఇష్టమైనప్పుడు లాగిన్. తొలగింపు కాదు, ఐడీ బ్లాక్. తనిఖీలో తీసేసిన బీడీ స్థానంలో ఇప్పుడు ఒక్క చుక్క రేటింగ్.

ఆ బీడీ వాదన ఓడిపోయింది. బీడీ, చుట్ట కార్మికుల పని పరిస్థితుల చట్టం 1966లో వచ్చింది. ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లను కూడా కలుపుకొన్న ఆ చట్టాన్ని యజమానులు సవాలు చేస్తే, 1974లో మంగళూరు గణేశ్ బీడీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 1976లో సంక్షేమ నిధి చట్టం, 1977లో భవిష్య నిధి (పీఎఫ్) వర్తింపు వచ్చాయి. పీఎఫ్ ఇంట్లో చుట్టేవాళ్లకు వర్తించదని మళ్లీ కోర్టుకెక్కారు. 1985లో పీఎం పటేల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇవాళ ప్రతి యాప్ కంపెనీ చదవదగ్గది. బాగాలేదని బీడీని తిరస్కరించే అధికారం యజమాని చేతిలో ఉందంటే, ఆ పని మీద పర్యవేక్షణ, అదుపు ఉన్నట్టేనని న్యాయస్థానం తేల్చింది. పక్కన నిలబడి అజమాయిషీ చేసే మేస్త్రీ ఉండనక్కర్లేదు. తెలంగాణ ప్రభుత్వం తర్వాత బీడీ కార్మికులకు ఇచ్చిన పింఛనుకు ఆధారమైంది కూడా ఆ పీఎఫ్ సభ్యత్వమే.

బీడీ కార్మికుల బతుకు బంగారమైందని ఎవరూ అనలేరు. గుర్తింపు కార్డు లేనివాళ్లున్నారు, నెలలో పని దొరికే రోజులు తగ్గాయి, 2017లో జీఎస్టీతో పాటు సంక్షేమ సెస్సూ పోయింది. అయినా నిజామాబాద్ ఆడమనిషికి ఆ పీఎఫ్ నంబరు దక్కింది బీడీ తాగేవాడి మనస్సాక్షి వల్ల కాదు. తాగేవాడు టిప్పు ఇవ్వలేదు, చాట ముందు కూర్చున్న ఫొటో చూసి చందా పోగుచేయలేదు. కట్టకు పడ్డ సెస్సు తన జేబులోంచి పోయిందని కూడా అతనికి తెలియకపోవచ్చు. కార్మికులు సంఘం పెట్టి అడిగారు, చట్టసభ ఇచ్చింది, న్యాయస్థానం కాపాడింది, ధరలో ఆ ఖర్చు కలిసిపోయింది.

డెలివరీ కార్మికుల విషయంలో ఆ బండి ఇప్పుడిప్పుడే కదిలింది. 2023లో రాజస్థాన్ దేశంలోనే మొదటి గిగ్ కార్మికుల చట్టం చేసింది. 2025లో కర్ణాటక చేసింది, తెలంగాణ ముసాయిదా బిల్లును ప్రజల ముందు పెట్టింది. 2020 నాటి కేంద్ర సామాజిక భద్రతా స్మృతి ఎట్టకేలకు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం కంపెనీలు ఏటా తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం కార్మికుల నిధికి జమచేయాలి. అయితే ఆ మొత్తం కార్మికులకు చెల్లించే సొమ్ములో 5 శాతం మించనక్కర్లేదు. ఈ పరిమితిని ఒక ఆర్డరు స్థాయికి దించి చూద్దాం. రైడరుకు 40 రూపాయలు వచ్చిందనుకుంటే, అందులో 5 శాతమంటే రెండు రూపాయలు. ఆ మనిషి ప్రమాదం, జబ్బు, ముసలితనం అన్నిటికీ కలిపి చట్టం గరిష్ఠంగా అడుగుతున్నది ఆ రెండు రూపాయలే. కంపెనీలు ఇది వినియోగదారు మీద పడే భారమని, డెలివరీ ఖరీదవుతుందని అంటూ ఉంటాయి. ప్లాట్‌ఫామ్ ఫీజు రెండు నుంచి పన్నెండుకు పెరిగినప్పుడు మనం యాప్ మూసేయలేదు. ఈ రెండు రూపాయలకు మన పేరు చెప్పి అడ్డుపడుతుంటే, మా పేరు వాడొద్దని అనవలసింది మనమే. ముసాయిదా బిల్లు మీద అభిప్రాయాలు పంపమని ప్రభుత్వం అడిగినప్పుడు కార్మిక సంఘాలు, కంపెనీలు వెళ్లినంత చురుగ్గా వినియోగదారుల సంఘాలు వెళ్లాలని ఆశించడం అత్యాశ కాకూడదు.

రెండు రూపాయలతో తీరనిది ఇంకోటి ఉంది, ఎదురుచూపు. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ డ్రైవర్ల కేసులో, యాప్‌లో లాగిన్ అయి రైడ్‌కు సిద్ధంగా ఉన్న సమయం కూడా పని సమయమేనని తీర్పిచ్చింది. మన చట్టాలు ఆ మెట్టు ఎక్కలేదు. ఎక్కితే ఆర్డరు ధర ఎంత పెరుగుతుంది? 2025లో తమ రైడరు సగటు సంపాదన, టిప్పులు కాకుండా, గంటకు 102 రూపాయలని గోయలే చెప్పారు. పెట్రోలు, బండి ఖర్చు అందులోంచే పోవాలి. ఆ లెక్కన హోటల్ ముందు నిలబడ్డ పదిహేను నిమిషాలకు దాదాపు 25 రూపాయలు అవుతుంది. అంత మొత్తం ప్రతి బిల్లులోనూ చేరితే అర్ధరాత్రి జ్వరం బిళ్ల కోసం వచ్చే ఆర్డరు ఆగదు. ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చే ఇల్లాలి పిండి ప్యాకెట్ కూడా బహుశా ఆగదు, కాకపోతే అన్నీ కలిపి ఒకేసారి తెప్పించుకుంటుంది. మ్యాచ్ మధ్యలో చిప్స్ ప్యాకెట్ ఆగిపోతుంది. దాంతోపాటు కొంత పనీ తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2022 నివేదిక ప్రకారం 2020-21లోనే గిగ్ కార్మికులు 77 లక్షలమంది, 2029-30 నాటికి 2.35 కోట్లవుతారని దాని అంచనా. ఆ పెరుగుదల కొంత మందగిస్తుందన్న భయంలో అబద్ధం లేదు, ఈ వాదన చేసేవాళ్లు దాన్ని దాచిపెట్టకూడదు. ఇప్పుడు ఆ చిప్స్ ఆర్డరుకయ్యే ఖర్చులో కొంతభాగాన్ని హోటల్ మెట్ల దగ్గర ఊరికే నిలబడ్డ రైడరు భరిస్తున్నాడు. అతను భరించడం మానేస్తే మిగిలేది కంపెనీ లాభమా, మన జేబా అన్న బేరం. అది మనకూ వాళ్లకూ మధ్య తేలాల్సింది, అతని మీదుగా కాదు.